జీడిమామిడి ఆకు వెండి నానో కణాలు, ఏ549 కణాలు: ఆ 38 అంకె ఎంత వరకు నమ్మొచ్చు?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. శ్రీకాకుళం దగ్గర ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ప్రాజెక్టు. పలాస వైపు తోటల నుంచి తెచ్చిన జీడిమామిడి ఆకు కషాయంతో వెండి నానో కణాలు చేసి, ఎండబెట్టిన పొడిని విశాఖలో ఒక ప్రైవేటు ల్యాబుకి పంపారు. వాళ్లు ఏ549 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల మీద 24 గంటల ఎంటీటీ పరీక్ష చేసి, ఐసీ50 (బతికిన కణాల శాతాన్ని సగానికి దించే మోతాదు) మి.లీ.కి 38 మైక్రోగ్రాములు అని ఇచ్చారు. 100 దాకా బతికిన కణాల శాతం తగ్గుతూ వచ్చి, 200 దగ్గర మళ్లీ పెరిగింది. ఆ 200 పాయింటు తీసేయొచ్చా, "క్యాన్సర్ కణాలను చంపుతుంది" అని థీసిస్‌లో రాయొచ్చా అని అడిగారు. చివర్లో, ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన మీ మావయ్యకి ఊళ్లో ఎవరో "నానో వెండి నీళ్లు" తాగించమంటున్నారని రాశారు.

మావయ్య సంగతి ముందు. థీసిస్ నెల ఆగినా ఫర్వాలేదు, ఆయన జబ్బు ఆగదు. ఆ నీళ్లు తాగించొద్దు. ప్లేట్‌లో కణాల మీద వెండిని నేరుగా పోస్తాం కాబట్టి అవి చస్తాయి. నోటితో తాగిన వెండికి ఊపిరితిత్తిలోని గడ్డని వెతుక్కుంటూ పోయే దారి లేదు. కడుపులోని ఆమ్లంలో కొంత క్లోరైడుగా మారుతుంది, ఒంటికి పట్టిన కొంత కాలేయం, మూత్రపిండాలు, చర్మంలో పేరుకుంటుంది. రోజూ తాగితే చర్మం నీలి బూడిద రంగుకి మారే ఆర్జీరియా రావచ్చు, అది మామూలుగా పోయేది కాదు. అమెరికా ఎఫ్‌డీఏ 1999లోనే దుకాణాల్లో అమ్మే కొల్లాయిడల్ వెండి మందులు సురక్షితమూ కాదు, పనిచేస్తాయన్న ఆధారమూ లేదు అని తేల్చింది. ఉద్దానం మనుషులకి కిడ్నీ గురించి వేరే చెప్పాలా? బలహీనంగా ఉన్న మనిషి కిడ్నీల మీద ఇంకో భారం పెట్టకండి.

చేయాల్సింది వేరే ఉంది. బయాప్సీ రిపోర్టులో నాన్-స్మాల్ సెల్ అని, అందులోనూ ఎడినోకార్సినోమా అని ఉంటే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్‌ఓఎస్1 అనే జన్యువుల పరీక్షలు చేశారా అని డాక్టరుగారిని అడగండి. వీటిలో మార్పు కనబడితే దానికి సరిపడే మాత్రలు ఉన్నాయి. మీకు దగ్గరలో అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రిపోర్టులన్నీ, ఆరోగ్యశ్రీ కార్డూ పట్టుకుని వెళ్లండి. క్యాన్సర్ వైద్యంలో "నానో" మాట వినబడితే చాలాసార్లు అది ఆల్బుమిన్ ప్రోటీనుకి కట్టిన పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు అయి ఉంటుంది. అందులో లోహమే లేదు. లోహపు కణాల్లో హాఫ్నియం ఆక్సైడుకి 2019లో యూరప్‌లో అనుమతి వచ్చింది, అదీ కండర, కొవ్వు వంటి మెత్తని కణజాలపు సార్కోమాకి. దాన్ని గడ్డలోకే సూదితో ఎక్కించి, పైనుంచి రేడియేషన్ ఇస్తారు. తాగేది కాదు, వెండీ కాదు.

ఇప్పుడు 200 దగ్గరికి. తీసేయొద్దు. మీ డేటా మొత్తంలో ఎక్కువ నిజం చెబుతున్న పాయింటు అదే.

ఎంటీటీ పసుపు రంగు పొడి. బతికున్న కణం దాన్ని క్షయకరణం చేసి ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తుంది, ఆ రంగుని 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. అంటే ఈ పరీక్ష లెక్కపెట్టేది రంగుని, కణాల్ని కాదు. జీడిమామిడి ఆకులో పాలీఫినాల్స్ దండిగా ఉంటాయి, వెండి అయాన్‌ని వెండిగా మార్చినవి అవే. వెండిని క్షయకరణం చేసిన రసం ఎంటీటీని వదిలిపెడుతుందా? కణాలు ఒక్కటీ లేకపోయినా రంగు పుట్టిస్తుంది. మోతాదు పెరిగేకొద్దీ ఆ దొంగ రంగూ పెరుగుతుంది. దానికి తోడు వెండి కణాలకి సొంత రంగు ఉంది. విడివిడిగా ఉన్నప్పుడు 400–450 దగ్గర శోషణ శిఖరం ఉంటుంది, గుంపు కడితే అది పొడుగు తరంగాల వైపు సాగి 570 మీదికి వచ్చి పడుతుంది. బంగారంతో అయితే ఈ చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే దాని శిఖరమే 520 చుట్టుపక్కల. ఇంకో కారణం కూడా కలిసి ఉండొచ్చు: 200లో నానో కణాలు పెద్ద ఉండలు కట్టేస్తే జీవకణంలోకి పోయేవి తగ్గుతాయి.

ఏది నిజమో తేల్చడం తేలిక. జీవకణాలు లేని వెల్స్‌లో (ప్లేట్‌లోని గుంటల్లో) అదే మీడియం (కణాలు పెరిగే ద్రవం), అదే మోతాదు నానో కణాలు, అదే ఎంటీటీ, అంతే సేపు. వచ్చిన రీడింగుని ఆ మోతాదుకి బ్లాంక్‌గా తీసేయాలి. మందు లేని కంట్రోల్ 0.80, మామూలు బ్లాంక్ 0.05, 200 మోతాదు వెల్ 0.35 అనుకోండి. బ్లాంక్ ఒక్కటే తీసేస్తే 0.30 భాగించు 0.75, అంటే 40% బతికినట్టు. కణాలు లేని వెల్‌లో ఆ మోతాదుకి 0.20 వచ్చి ఉంటే, 0.15 భాగించు 0.75, అంటే 20%. ఒకే ప్లేట్, రెండు జవాబులు. ఐసీ50 కూడా ఇలాగే జరుగుతుంది, మీ 38 నిజానికి ఇంకా తక్కువ కావచ్చు. ఎంటీటీ పోసే ముందు మీడియం పీల్చేసి, కణాలు ఊడిపోకుండా ఫాస్ఫేట్ బఫర్‌తో రెండుసార్లు కడిగితే సగం గొడవ తగ్గుతుంది. జీవకణానికి అతుక్కున్న నానో కణాలు మాత్రం పోవు. కాబట్టి ఒక్క ఎంటీటీ మీద ఆధారపడకండి. చచ్చిన కణాల నుంచి కారే ఎంజైముని కొలిచే ఎల్‌డీహెచ్ పరీక్ష తోడు పెడదామని చాలామంది అనుకుంటారు, కానీ వెండి ఆ ఎంజైమునే పాడుచేస్తుంది, చావు తక్కువగా కనబడుతుంది. మీ స్థాయి ల్యాబులో మంచిది కాలనీ పరీక్ష: 6 వెల్స్ ప్లేట్‌లో వెల్‌కి 300 కణాలు వేసి, 24 గంటలు మందు పెట్టి, తీసేసి, 8–10 రోజులు పెరగనిచ్చి, క్రిస్టల్ వయొలెట్ పోసి, 50 కణాలకి మించిన కాలనీలు లెక్కపెట్టడం. ఖర్చు తక్కువ, ఎంటీటీ లాంటి రంగు మోసానికి అందులో తావు లేదు.

మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది, అది అన్నిటికన్నా ముందుది. సీసాలో ఉన్నది వెండేనా?

సముద్రం పక్క నేలల్లో పెరిగిన ఆకులో క్లోరైడు ఎక్కువగా ఉండొచ్చు. బోరు నీళ్లతో కడిగి, డిస్టిల్డ్ నీళ్లతో మళ్లీ కడగకపోతే ఇంకొంచెం చేరుతుంది. సిల్వర్ నైట్రేట్‌కి క్లోరైడు తగలగానే సిల్వర్ క్లోరైడు పడుతుంది. వెలుతురు తగిలి అదీ నల్లబడుతుంది కాబట్టి గోధుమ రంగు చూసి వెండి అనుకుంటాం. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటికాన్ని గుర్తుపట్టే పరీక్ష) రిపోర్టు తెరవండి. వెండి శిఖరాలు టూ-థీటా 38.1, 44.3, 64.4, 77.4 దగ్గర రావాలి. 27.8, 32.2, 46.2 దగ్గర పదునైన గీతలు ఉంటే అది సిల్వర్ క్లోరైడు. వాటిని "ఆకులోని సేంద్రియ పదార్థాల శిఖరాలు" అని రాసి దాటేయడం ఆకు కషాయపు పనుల్లో కనబడే పెద్ద పొరపాటు. అలా వస్తే శ్రమ వృథా అయినట్టు కాదు. వెండి–సిల్వర్ క్లోరైడు మిశ్రమం అని నిజం రాయండి, కణాల మీద అది పనిచేసే తీరు వేరేగా ఉంటుంది, అంతే. ఏ మూలకం ఎంత ఉందో చెప్పే ఈడీఎక్స్ పట్టికలో క్లోరిన్ ఎంత ఉందో కూడా చూడండి.

ఆకు విషయంలో ఇంకో జాగ్రత్త. పూత కాలంలో జీడితోటల్లో టీ దోమ అనే పురుగుకి మందు కొడతారు. ఆ ఆకు తెస్తే కణాలు చచ్చేది పురుగుమందుకో వెండికో తెలియదు. మందు కొట్టని చెట్టు చూసుకోండి, ఏ నెలలో కోశారో రాసుకోండి, ప్రాజెక్టుకి సరిపడా ఆకు ఒకేసారి తెచ్చి నీడన ఎండబెట్టి దాచండి. నెలకో తీరుగా ఆకు రసం మారితే నానో కణాల సైజూ మారుతుంది.

మళ్లీ చేసేటప్పుడు: 10 గ్రాముల ఆకు, 100 మి.లీ. డిస్టిల్డ్ నీళ్లు, 60–70 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. మరగనివ్వొద్దు. వాట్‌మన్ 1 కాగితంలో వడకట్టండి. సిల్వర్ నైట్రేట్ 1 మిల్లీమోలార్ ద్రావణం కోసం 100 మి.లీ.కి 17 మి.గ్రా. చాలు. అందులోంచి 90 మి.లీ.కి 10 మి.లీ. కషాయం చుక్కచుక్కగా కలపండి, సీసా చుట్టూ అల్యూమినియం రేకు చుట్టండి. రంగు తిరిగాక యూవీ–విజిబుల్ శిఖరం గంటగంటకీ చూసి, అది పెరగడం ఆగాక ఆపండి. 15,000 జీ దగ్గర 20–30 నిమిషాలు, నీళ్లు మార్చి మూడుసార్లు సెంట్రిఫ్యూజ్. ఆర్‌పీఎం మాత్రమే రాస్తే రోటరు మారినప్పుడు అర్థం ఉండదు, జీ లెక్కే రాయండి. చివరి కడుగు నీటిలో నాలుగు చుక్కలు ఉప్పునీళ్లు వేసి చూడండి. తెల్లగా మసకబారితే మిగిలిన వెండి అయాన్ ఇంకా పోలేదు, మళ్లీ కడగాలి. మసక రాకపోతే కడుగు సరిపోయిందని ఓ మాదిరి భరోసా.

ఎండబెట్టకండి. మీ పనిలో జరిగిన నష్టంలో సగం అక్కడే జరిగింది. ఒకసారి పొడి అయిన నానో కణాలు నీటిలో మళ్లీ విడిపోవు, ఎంత సోనికేట్ చేసినా ఉండలే మిగులుతాయి. పైగా పొడి తూచితే వెండిని తూచినట్టు కాదు. వేడి చేస్తూ బరువు తూచే టీజీఏ పరీక్షలో 600 డిగ్రీలకి బరువు 40% తగ్గిందనుకుందాం. అంటే 38 మైక్రోగ్రాముల పొడిలో లోహం 23 దాకానే. ఇంకొకరు 23 అని, మీరు 38 అని రాస్తే ఇద్దరి నానో కణాలకీ తేడా ఉన్నట్టు కనబడుతుంది, నిజానికి ఉండదు. ద్రావణంలో కొంత నైట్రిక్ ఆమ్లంతో కరిగించి ఏఏఎస్ లేదా ఐసీపీలో వెండి ఎంతో కొలిపించి, మోతాదులన్నీ వెండి బరువులోనే చెప్పండి.

ఇక్కడ ఒక లెక్క ఉంది, చాలామంది చూడరు. పైన చెప్పిన 100 మి.లీ. బ్యాచిలో వెండి మొత్తం 9.7 మి.గ్రా. మాత్రమే, ఒక్క మిల్లీగ్రామూ పోకుండా అంతా కణాలుగా మారితే. మీడియంలో నీళ్లు 10%కి మించకూడదు కాబట్టి, 200 మోతాదుకి మి.లీ.కి 2 మి.గ్రా. స్టాక్ కావాలి. అంటే బ్యాచి మొత్తం 5 మి.లీ. లోపలికి దించాలి, ఆ చిక్కదనంలో కణాలు ఉండ కట్టకుండా ఉండడం కష్టం. అందుకే ఈసారి పై మోతాదు 100 పెట్టండి. స్టాక్‌ని నీటిలోనే ఉంచండి, ఫాస్ఫేట్ బఫర్‌లో వద్దు. అందులోని 137 మిల్లీమోలార్ ఉప్పు కణాలని గుంపు కట్టిస్తుంది, క్లోరైడుని చేరుస్తుంది. బాత్ సోనికేటర్‌లో 10 నిమిషాలు పెట్టి, 10% సీరం ఉన్న మీడియంలో కలిపి, వెంటనే కణాల మీద వేయండి. కంట్రోల్ వెల్స్‌కీ అంతే నీళ్లు కలపాలి, లేకపోతే నీళ్ల ప్రభావం మందు లెక్కలో చేరుతుంది.

కంట్రోల్స్ గురించి పట్టుబట్టి చెబుతాను. నానో కణాలతో పాటు మూడు ఉండి తీరాలి. ఒకటి, వెండి లేని ఆకు కషాయం, బ్యాచిలో ఎంత పలచనైందో అంతే పలచగా. రెండు, అదే వెండి బరువుకి సిల్వర్ నైట్రేట్: 10 మైక్రోగ్రాముల వెండి కావాలంటే 15.75 మైక్రోగ్రాముల నైట్రేట్. మూడు, మీ నానో ద్రావణాన్ని 10 కిలోడాల్టన్ ఫిల్టరులో తిప్పితే కిందికి దిగిన నీరు. అందులో నానో కణాలు ఉండవు, కరిగిన అయాన్ మాత్రం ఉంటుంది. ఆ నీరొక్కటే కణాలని చంపితే, మీరు కొలిచింది నానో ప్రభావం కాదు, అయాన్ ప్రభావం. పాజిటివ్ కంట్రోల్‌గా (కణాలని చంపుతుందని ముందే తెలిసిన మందుగా) సిస్‌ప్లాటిన్ అనే ప్లాటినం మందు పెడతారు కదా, దాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించారేమో ల్యాబుని అడగండి. డీఎంఎస్‌ఓ ప్లాటినానికి అతుక్కుని మందుని చచ్చుబడేలా చేస్తుంది. 0.9% సెలైన్‌లో కరిగించాలి. సిస్‌ప్లాటిన్ కన్నా మా నానో కణాలే మెరుగు అని వచ్చే ఫలితాల్లో కొన్నిటి గుట్టు ఇదే.

"క్యాన్సర్ కణాలను చంపుతుంది" అన్న వాక్యానికి వద్దాం. వెండి మామూలు కణాలనీ చంపుతుంది, బాక్టీరియానీ చంపుతుంది. చంపడం గొప్ప కాదు, ఎంచి చంపడం గొప్ప. అందుకు పక్కన క్యాన్సర్ కాని ఊపిరితిత్తి కణం కావాలి: ఎంఆర్‌సీ-5 ఫైబ్రోబ్లాస్టులు గానీ, బీఈఏఎస్-2బీ గాలిగొట్టపు పొర కణాలు గానీ. ఎల్929 ఎలుక కణాలతో పోల్చి "నార్మల్" అనడం సరిపోదు. బీఈఏఎస్-2బీని మామూలుగా సీరం లేని మీడియంలో పెంచుతారు, ఏ549ని 10% సీరంలో. సీరం ప్రోటీన్లు నానో కణం చుట్టూ పొర కట్టి విషాన్ని తగ్గిస్తాయి. అప్పుడు తేడా కణాలది కాకుండా మీడియానిది అవుతుంది. పరీక్ష జరిగే 24 గంటలూ రెండిటికీ ఒకే మీడియం, ఒకే సీరం శాతం పెట్టాలి. మామూలు కణాల ఐసీ50 44, క్యాన్సర్‌ది 38 వస్తే నిష్పత్తి 1.16. అది తేడా కాదు. 2 కూడా దాటని నిష్పత్తిని ఎంపిక అనకండి.

ఏ549 గురించి కూడా కొంచెం తెలుసుకోవాలి. 1972లో 58 ఏళ్ల మనిషి ఊపిరితిత్తి గడ్డ నుంచి తీసిన కణాలు ఇవి. కేఆర్‌ఏఎస్ జన్యువులో మార్పు ఉంది, పీ53 మామూలుగానే ఉంది. కీప్1 జన్యువు చెడి ఉండటం వల్ల కణ రక్షణని నడిపే ఎన్‌ఆర్‌ఎఫ్2 ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, అందువల్ల కణంలో గ్లూటాథయోన్ నిల్వ ఎక్కువ. వెండి దెబ్బని కాచుకునే మొదటి కవచం గ్లూటాథయోనే. కాబట్టి మీ సీనియర్ ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాల మీద తెచ్చిన 15తో మీ 38ని పోల్చి బాధపడొద్దు. కణం వేరు, కవచం వేరు.

పనిచేసే తీరు రాసేటప్పుడు "ఆక్సిజన్ రాడికల్స్ పుట్టి కణం చచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చకండి. కణం నానో రేణువుని మింగి లైసోసోములో పెడుతుంది. అక్కడ పీహెచ్ 4.5–5. ఆ పులుపులో వెండి మెల్లగా కరిగి అయాన్లు విడుదలవుతాయి, అవి ప్రోటీన్ల గంధకపు చేతులని పట్టుకుంటాయి, గ్లూటాథయోన్ ఖర్చయిపోతుంది, మైటోకాండ్రియా పొర విద్యుత్ పడిపోతుంది, రాడికల్స్ ఆ తర్వాత పెరుగుతాయి. జింక్ ఆక్సైడు కూడా ఇలా పులుపులో కరిగేదే. 2008లో ఏ549 మీద రకరకాల లోహ ఆక్సైడు నానో కణాలని పోల్చి చూసిన ప్రయోగంలో అన్నిటికన్నా విషం కాపర్ ఆక్సైడుదే అని తేలింది. రాడికల్సే కారణమని చూపడానికి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కలిపి, కణాలు బతికాయి కాబట్టి రుజువైంది అంటారు. సిస్టీన్‌లోనూ గంధకం ఉంది కదా, అది వెండి అయాన్‌ని నేరుగా కట్టేస్తుంది. రాడికల్‌ని ఆపిందో వెండిని ఆపిందో చెప్పలేం. రాడికల్స్‌ని ఆపేదే అయినా గంధకం లేని ట్రోలాక్స్‌ని పక్కన పెట్టి చూడండి. సిస్టీన్ కాపాడి ట్రోలాక్స్ కాపాడకపోతే కథ వేరు.

డబ్బు తక్కువ ఉన్నప్పుడు 96 వెల్స్ ప్లేట్ ఇలా వాడండి. అంచున ఉన్న 36 వెల్స్‌లో నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, వాటిలో బఫర్ పోసి వదిలేయండి. మిగిలిన 60 అంటే 10 నిలువు వరసలు, 6 అడ్డ వరసలు. మొదటి నిలువు మందు లేనిది, తర్వాత ఎనిమిది మోతాదులు 100 నుంచి సగం సగం చేస్తూ 0.78 దాకా, చివరిది సిస్‌ప్లాటిన్. పై మూడు అడ్డ వరసల్లో వెల్‌కి 7,000 కణాలు, కింది మూడింటిలో కణాలు ఉండవు. అలా దొంగ రంగు లెక్క అదే ప్లేట్‌లో వచ్చేస్తుంది. కషాయానికి, నైట్రేట్‌కి చెరో ప్లేట్. ఒకే రోజు ఒకే ప్లేట్‌లో మూడు వెల్స్ పెట్టి ఎన్ సమానం 3 అని రాయొద్దు. మూడు వేర్వేరు రోజులు, మూడు వేర్వేరు పాసేజీలు (కణాలని కొత్త సీసాలోకి మార్చి పెంచిన విడతలు) అయితేనే అది మూడు.

ఇవన్నీ చేసే వీలు లేకపోతే థీసిస్‌లో ఇంతవరకే రాయండి: "ఈ నమూనా 24 గంటల్లో ఏ549 కణాల ఎంటీటీ క్షయకరణాన్ని తగ్గించింది, 200 మోతాదు దగ్గర పరీక్షకి అంతరాయం కలిగినట్టు కనిపిస్తోంది." వైవాలో ఎవరు అడిగినా ఈ వాక్యం నిలబడుతుంది, గైడుగారికీ అలాగే చెప్పండి.

పైసా ఖర్చు లేని పని ఒకటి ఈ వారమే చేయండి. ల్యాబుకి ఫోన్ చేసి శాతాల పట్టిక కాకుండా ప్లేట్ రీడరు ఇచ్చిన అసలు రీడింగుల ఫైలు పంపమనండి. ఏ మోతాదుకి ఏ బ్లాంక్ తీసేశారు, మీడియంలో సీరం ఎంత, కణాలు ఎన్నో పాసేజీ, మైకోప్లాస్మా (పెంచే కణాలకి సోకే సూక్ష్మజీవి) పరీక్ష ఎప్పుడు చేశారు, పొడిని దేనిలో కలిపారు అని అడగండి. డీఎంఎస్‌ఓ లేదా ఫాస్ఫేట్ బఫర్ అని చెప్తే ఆ మాట కూడా ఇక్కడ రాయండి. రీడింగులు, ఎక్స్‌ఆర్‌డీ బొమ్మ రెండూ పెడితే 200 దగ్గర పెరిగింది కషాయం వల్లో, నానో కణాలు ఉండకట్టడం వల్లో చాలా వరకు తేల్చవచ్చు.